కాలవలో ఐదో మనిషి

రాజరత్నం మాటల్లో నిజమెంత అని జమ్ములంకలో ఎవరినడిగినా ఒకటే లెక్క చెప్తారు: ఒక పాలు నిజం, మూడు పాళ్ళు కొల్లేరు. ఆయనకీ ఆ సంగతి తెలుసు, కాదనడు. "మూడు కాదురా, నాలుగు" అని సరిదిద్దుతాడు.

డెబ్భై రెండేళ్ళ మనిషి. లంకలో మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆరు ఎందుకు చదవలేదంటే, ఒక గూడబాతు కిటికీలోంచి ముక్కు దూర్చి ఆయన పలక మింగేసిందట. మూడో రోజున అదే పక్షి ఆ పలకని బడి గుమ్మంలో కక్కితే, దాని మీద పదిహేడో ఎక్కం ఒక్క తప్పు లేకుండా రాసి ఉందట. తనకంటే పక్షికే ముందు చదువొచ్చేసిందని సిగ్గేసి మానేశాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎక్కం మారుతుంది గాని పక్షి మారదు.

అలాంటి మనిషి నోట్లోంచి వచ్చిన ఒక్క అంకె ఆ ఇంటిని పట్టుకుంది. ఆ అంకె వంద.

కిందటి వరదల్లో ఆయన అల్లుడు క్రీస్తుదాసు కొల్లేట్లో పోయాడు. మెరక మీద చిక్కుకున్న గేదెల్ని తోలుకొద్దామని దోనె వేసుకెళ్ళాడు. దోనె దొరికింది, మనిషి దొరకలేదు. ఉప్పుటేరు లాగేసి సముద్రంలో కలిపేసి ఉంటుందన్నారు. అతని భార్య విజయకుమారి రాజరత్నానికి ఒక్కతే కూతురు. వాళ్ళ పిల్ల జాయ్సీ. పదమూడేళ్ళది, ఏడో తరగతి. లంకలో బడి ఏడుతో సరి.

లంక నుంచి రోడ్డు గట్టుకి పోయే పాత కాలవ ఏటా గుర్రపుడెక్కతో పూడిపోతుంది. ఎండలు ముదిరేలోగా దాన్ని తీసి పడవలకి దారి చెయ్యడం క్రీస్తుదాసు జట్టు పని. అంతదాకా ఊరంతా పడమటి చుట్టుదారిలో తిరగాల్సిందే. జట్టులో ఐదుగురు. కొడవళ్ళతో వేళ్ళు కోసి, గెడలతో నెట్టి, రెండు పక్కలా ఒడ్డుకి ఎత్తి పోస్తారు. పొద్దు వాలాక, ఆ రోజు ఎంతదాకా తీశారో అక్కడ ఒక కర్ర నాటతారు. నిన్నటి కర్ర నుంచి ఇవాళ్టి కర్ర దాకా తాడు పరుస్తారు. పరిచిన తాడుని చేతులు చాపి చుట్టుకుంటూ ఎన్ని బారలొచ్చాయో లెక్కపెడతారు. ఆ కొలిచేది క్రీస్తుదాసే. ఐదుగురు మనుషులు, రోజుకి వంద బారలు. ఏడేళ్ళుగా అదే లెక్క, మారలేదు.

ఈ ఏడు నలుగురే దిగారు. యోబు, జ్ఞానయ్య, ఇంకో ఇద్దరు అన్నదమ్ములు. ఐదో వాడిని పెట్టుకోవడానికి మనసొప్పలేదు. కొలిచే పని మాత్రం పెద్దాయన చూసుకుంటాడులే అని రాజరత్నానికి అప్పజెప్పారు. మొదటి సాయంత్రం ఆయన దోనెలో నిలబడి తాడు చుట్టాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. కర్ర వచ్చేసింది.

"వందేంటి బాబాయ్?" అన్నాడు యోబు. "నలుగురమే కదా తీసింది."

"నేను అబద్ధమాడతాను గాని తాడు ఆడదురా."

నలుగురూ నీళ్ళకేసి చూశారు. జ్ఞానయ్య మెల్లిగా అన్నాడు, "ఇవాళ డెక్క లాగుతుంటే నా చేతికి బరువు తెలియలేదు. అవతల్నుంచి ఎవరో నెడుతున్నట్టు వచ్చేసింది."

ఆ మాట అక్కడ వదిలేస్తే నీళ్ళలోనే ఉండేది. వదిలేస్తే ఆయన రాజరత్నం ఎందుకవుతాడు? ఇంటికెళ్ళి, ఆరు నెలలుగా కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్న మనవరాలి పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మడూ, ఇవాళ మీ నాన్న పనిలోకొచ్చాడే."

జాయ్సీ తల ఎత్తింది. ఆయన చెప్పుకుపోయాడు. తాడు సంగతి, జ్ఞానయ్య చేతి సంగతి, వాటికి తోడు తన సొంత సరుకు కొంచెం: డెక్క కింద నీళ్ళలో తెల్లగా ఒక చొక్కా కదిలిందని, కొంగలన్నీ లేచిపోయాయని. పిల్ల మిగతావేవీ వినలేదు. పుస్తకం తెచ్చుకుని రాసింది. ఐదుగురికి వంద బారలు. ఒక్కరికి ఇరవై. నలుగురికి ఎనభై. వచ్చింది వంద. మిగిలిన ఇరవై ఎవరివి?

"ఒక మనిషివి," అంది జాయ్సీ. ఆ పూట కంచంలో మెతుకు మిగల్చలేదు.

రాజరత్నం మురిసిపోయాడు. రెండో రోజు కూడా వందే. మూడో రోజు తొంభై తొమ్మిది, నాలుగో రోజు నూటొకటి, ఐదో రోజు మళ్ళీ వంద. అప్పటికి ఆయన మురిపెం పోయింది. కల్పించి చెప్పిన మాట తన చేతుల్లోనే నిజమవుతుంటే అబద్ధాలకోరుకి ఉండే భయం ఇంకెవరికీ ఉండదు. తాడు చుట్టేటప్పుడు అవతలి కొసని ఎవరో పట్టుకుని, ఆయన లాగినంతే వదులుతున్నట్టు ఉండేది. ఎనభై దాటగానే వెనక్కి తిరిగి చూసేవాడు.

జట్టు వాళ్ళు క్రీస్తుదాసు కొడవలిని కూడా పడవలో వేసుకెళ్ళడం మొదలెట్టారు. ఎవరూ ముట్టుకోరు. సాయంత్రానికి అది తడిసి ఉండేది. పడవ అడుగున నీళ్ళుంటాయి, తడవక ఏం చేస్తుంది? ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా దాన్ని తుడిచేవాడు లేడు. జాయ్సీ రోజూ రేవులో నిలబడి, పడవ రాగానే "ఎంత తాతా?" అని అడిగి పుస్తకంలో రాసుకునేది. నెల తిరిగేసరికి పుస్తకంలో ఒక పేజీ నిండా వందలే.

మార్చి నెలాఖర్న కెజియా టీచర్ కబురు పెట్టింది. ఆవిడది తాడేపల్లిగూడెం. ఏలూరులో గది తీసుకుని, రోజూ ఆటో దిగి పడవెక్కి బడికొస్తుంది. వయసు ముప్ఫై లోపే. నవ్వు తక్కువ.

"కూర్చోండి తాతగారూ."

"నిలబడే ఉంటానండీ. బెంచీ ఎక్కితే మళ్ళీ ఐదులో చేర్చుకుంటారేమో మీరు."

ఆవిడ జవాబు పేపర్లు ముందు పెట్టింది. "చూడండి. పన్నెండు మంది ఒక గోడని పది రోజుల్లో కడితే, ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో కడతారు?"

"తిరగ త్రైరాశికం అండీ. మనుషులు తగ్గితే రోజులు పెరుగుతాయి. పన్నెండు పదులు నూట ఇరవై, దాన్ని ఎనిమిదితో భాగిస్తే పదిహేను."

"రైటండీ. మీ మనవరాలు పదమూడు రోజుల ఎనిమిది గంటలని రాసింది."

రాజరత్నం లెక్క వేసుకున్నాడు. నూట ఇరవైని తొమ్మిదితో భాగిస్తే అంతే వస్తుంది.

"ఇదిగో ఇంకోటి. ఎనభై నాలుగు కిలోల ఉల్లిపాయల్ని ముగ్గురికి ఒకటి, రెండు, మూడు నిష్పత్తిలో పంచాలి. పద్నాలుగు, ఇరవై ఎనిమిది, నలభై రెండు రావాలి. ఈ పిల్ల పన్నెండు, ఇరవై నాలుగు, ముప్ఫై ఆరు అని పంచింది. మిగిలిన పన్నెండు కిలోలు ఏవమ్మా అంటే, ఇంకో మనిషికి అంది."

"ఉల్లిపాయలు మా అల్లుడికి పడవండీ," అన్నాడు రాజరత్నం. ఆవిడ నవ్వలేదు.

"మ్యాపు లెక్క, సైకిలు లెక్క, పాలూ నీళ్ళ లెక్క, అన్నీ రైటేనండీ. మనుషులొచ్చిన చోటల్లా ఒకర్ని కలుపుతుంది. వచ్చే ఆదివారం ఏలూరులో గురుకులం ఎంట్రన్స్. లెక్కల పేపర్లో సగం ఇవే ఉంటాయి. అది పోతే ఇంక ఎనిమిదో తరగతి ఎక్కడ చదువుతుందండీ?"

"తమరు కోప్పడకపోతే ఒక మాటండీ. ఆ పన్నెండు మందిలో పది రోజులూ ఒక్కడికైనా జ్వరం రాదు, ఒక్కడూ చుట్ట కాల్చుకోడానికి పక్కకెళ్ళడు. అలాంటి మనుషులున్నారని గవర్నమెంటు పుస్తకంలో వేస్తే తప్పు లేదు గాని, మా వాడు నీళ్ళలో పని చేస్తున్నాడంటే తప్పొచ్చిందా?"

"తప్పని నేననలేదు తాతగారూ." కెజియా పేపర్లు సర్దింది. "ఇంకొకటి చెప్పాలనే పిలిచాను. సీటొచ్చినా వెళ్ళదట. 'నాన్న ఇక్కడ పని చేస్తుంటే నేను హాస్టల్లో ఎలా ఉంటాను టీచర్' అంది. ఎవరు చెప్పారమ్మా అంటే, మా తాత కొలిచాడండీ అంది. మీరు నిజంగా నమ్ముతున్నారా?"

రాజరత్నం పైపంచెతో మెడ తుడుచుకుని, సెలవు తీసుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం మనవరాలిని రేవులో పట్టుకున్నాడు. "అమ్మడూ, నేను ఊరికే అన్నానే ఆ మాట. నువ్వు తింటావని."

"తాడు కూడా ఊరికే అందా తాతా?"

"అది కాదే..."

"నెల రోజుల్నుంచీ వందే కదా. నలుగురికి ఎనభై రావాలా వద్దా? లెక్కలో తప్పెక్కడుందో చూపించు. చూపిస్తే వెళ్తాను."

ఆయన పుస్తకం తీసుకుని చూశాడు. కింద నుంచి పైకి, పై నుంచి కిందకి. తప్పు లేదు. మిషను బడి మేష్టారు దిగొచ్చినా తప్పు పట్టలేడు. జాయ్సీ పుస్తకం లాక్కుని, కాలవకేసి తిరిగి, ఎవరికో వినపడాలన్నట్టు కొంచెం గట్టిగా అంది: "నేనెక్కడికీ వెళ్ళనులే."

రాజరత్నం కూడా అటు చూశాడు. డెక్క పూల మీద గాలి లేదు. అయినా పూలు ఒక్క చోట మాత్రం కదిలాయి. చేప అయ్యుంటుంది అనుకున్నాడు. అంత చేప ఆ కాలవలో లేదనీ అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటి వెనక్కి వెళ్ళి, ఉన్నచోటే నిలబడిపోయాడు. క్రీస్తుదాసు అక్కడ ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతులు రెండూ బారగా చాపి, తల మాత్రం లేదు. ఎండలో నీళ్ళు కారుతూ మెల్లిగా ఊగుతున్నాడు. రాజరత్నం అరుగు పట్టుకుని, నోట్లో ప్రార్థన సగం దాకా వచ్చాక చూశాడు: విజయకుమారి వెదురు కర్రని రెండు చేతుల్లోంచీ దూర్చి మొగుడి చర్చి చొక్కా ఆరేసింది.

"ఏంటి నాన్నా అలా చెమట్లు పట్టాయి?" అంది విజయకుమారి గిన్నెలు తోముతూ.

"ఎండమ్మా."

భయపడ్డానని తెలిస్తే లంకంతా నెల రోజులు నవ్వుతుంది. ధైర్యం ఉందని తనకి తనే చూపించుకోడానికి చొక్కా దగ్గరికి వెళ్ళాడు. దాని ఎదురుగా నిలబడి, తనూ చేతులు చాపాడు, తాడు చుట్టేటప్పుడు చాపినట్టే. చాపి, అలాగే ఉండిపోయాడు. చొక్కా మణికట్ల దగ్గరికి కూడా ఆయన వేళ్ళు అందలేదు. నడుం వంగి, భుజాలు ముడుచుకుపోయిన ముసలి చేతులు. ఇటు ఇంత, అటు ఇంత తక్కువ. అవతల ఆరడుగుల పైన మనిషి. ఆ మణికట్ల అవతల అరచేతులు కూడా ఉండేవి కదా.

బారంటే బారే అనుకుంటారు కొల్లేట్లో అందరూ. ఎవడి బార అని అడిగినవాడు లేడు.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. మొదట ప్రాణం తేలికపడింది. ఎవరూ తాడు పట్టుకోలేదు, ఎవరూ డెక్క నెట్టలేదు. నాలుగు నిమిషాలు పోయాక ఇంకో సంగతి తట్టింది. ఇది జాయ్సీకి చెప్తే, వరద మళ్ళీ వచ్చి ఆ పిల్ల తండ్రిని రెండోసారి తీసుకుపోయినట్టే. ఈసారి తీసుకుపోయేది తను. చెప్పకపోతే ఆదివారం పోతుంది, ఆ వెనకే ఎనిమిదో తరగతి పోతుంది. పాతికేళ్ళొచ్చినా పిల్ల ఆ రేవులో నిలబడి "ఎంత తాతా" అని అడుగుతూనే ఉంటుంది. అప్పటికి కొలవడానికి తాతా ఉండడు.

బడికి వెళ్ళాడు. లాంగ్ జంప్ కొలిచే టేపు, వంద అడుగులది, కెజియా టీచర్ బీరువాలోంచి తీసిచ్చింది. ఎందుకండీ అంటే, "ఒక ముసలాడి చేతులు కొలవాలండీ" అన్నాడు.

పొద్దు వాలుతుండగా మనవరాలిని దోనెలో ఎక్కించుకుని కాలవలోకి వెళ్ళాడు. జట్టు వాళ్ళు కర్ర నాటి వెళ్ళిపోయారు. ముందు తాడు పరిచి, ఎప్పట్లా చుట్టాడు. వంద. తరవాత టేపు కొసని నిన్నటి కర్రకి కట్టి పరుచుకుంటూ వెళ్ళారు. అయిదుసార్లు పూర్తిగా పరిచేసరికి ఇవాళ్టి కర్ర తగిలింది.

"ఐదు వందల అడుగులు," అంది జాయ్సీ. "అయితే?"

"ఇప్పుడు నన్ను కొలువు."

ఆయన చేతులు చాపాడు. పిల్ల టేపు పెట్టింది. అరవై అంగుళాలు. రాజరత్నం ఒళ్ళో మడిచి పెట్టుకున్న తెల్ల చొక్కా తీశాడు. జాయ్సీ దాన్ని చూసి టేపు వదిలేసింది. మళ్ళీ ఆయనే ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. మణికట్టు నుంచి మణికట్టుకి అరవై ఒకటి. అరచేతులకి ఏడేసి.

"డెబ్భై ఐదు," అంది.

ఇంక ఆయన చెప్పక్కర్లేకపోయింది. పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని పిల్లే రాసుకుంది. డెబ్భై ఐదు, అరవై. ఐదుకి నాలుగు. నాన్న బారలు వందంటే ఆరు వందల పాతిక అడుగులు. ఐదుగురికి ఆరు వందల పాతిక, ఒక్కరికి నూట పాతిక, నలుగురికి ఐదు వందలు. కింద గీత గీసింది. గీత మీద ఇంకో గీత గీసింది. కాయితం చిరిగింది.

"నువ్వు కావాలనే చెప్పావా తాతా?"

"లేదే. నా చేతులు ఇంత పొట్టివైపోయాయని నాకే తెలీదు. కాని మీ నాన్న వచ్చాడని చెప్పింది మాత్రం కావాలనే. నువ్వు అన్నం తినేదానివి కాదు."

జాయ్సీ పుస్తకం మూసింది. తరవాత ఏడ్చింది. వరద తరవాత అంత గట్టిగా ఏడవడం అదే. రాజరత్నం గెడ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఆయన దగ్గర కొన్ని వందల కథలున్నాయి. అందులో ఒక్కటీ ఆ దోనెలో చెప్పడానికి పనికిరాలేదు.

శనివారం పిల్ల ఆయనతో మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్నే చుట్టుదారిలో గట్టు దాకా పడవలో, అక్కడినుంచి ఆటోలో ఏలూరు వెళ్ళారు. కెజియా టీచర్ పరీక్ష జరిగే స్కూలు గేటు దగ్గర ఎదురుచూస్తోంది. పిల్లకి అట్టా, రెండు పెన్నులూ ఇచ్చి లోపలికి పంపింది. ఆదివారం గుడి మానేసి గేటు బయట కూర్చోవడం రాజరత్నానికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. పక్కనున్న తండ్రులు ఏ ఊరండీ అని అడిగితే ఊరి పేరు మాత్రం చెప్పాడు, పక్షి సంగతి ఎత్తలేదు.

పన్నెండున్నరకి జాయ్సీ బయటికొచ్చింది.

"మనుషుల లెక్కలొచ్చాయామ్మా?" అంది టీచర్.

"ఆరొచ్చాయండీ. పదిహేను మంది పన్నెండు రోజుల్లో చేసే పని, ముగ్గురు వెళ్ళిపోతే ఎన్ని రోజులు పడుతుందన్నాడు."

"ఎంతని పెట్టావు?"

"పదిహేను రోజులండీ. వెళ్ళిపోయినవాళ్ళని కలపలేదు."

కెజియా పిల్ల భుజం మీద చెయ్యి వేసి, పక్కనున్న బండి దగ్గర కొబ్బరి బొండాలు కొట్టించింది.

తిరుగు పడవలో జాయ్సీ తాతకి ఎదురుగా కూర్చుంది. సగం దూరం వచ్చాక రెండు రోజుల తరవాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"సీటొస్తుంది తాతా. ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి."

"వెళ్తావా మరి?"

"నాకింకా ఒక అనుమానం ఉంది." పిల్ల లెక్క చెప్పే గొంతుతో చెప్పింది. "నలుగురు పని చేసినప్పుడు కొలిస్తే ఏం తేలుతుంది? ఒకరోజు వాళ్ళు తక్కువ చెయ్యొచ్చు, నాన్న కొంచెం చెయ్యొచ్చు. కలిపి ఐదు వందలు అవ్వచ్చు. అసలు ఎవరూ దిగని రోజు కొలవాలి. ఇవాళ ఆదివారం. అందరూ గుడికెళ్ళే రోజు, ఎవరూ కాలవలో దిగరు. ఇవాళ శనివారం కర్ర ముందు ఏమీ తీసి ఉండకూడదు. సున్నా రావాలి. సున్నా వస్తే వెళ్తాను."

"రాకపోతే?"

"రాకపోతే నాన్నని వదిలేసి ఎలా వెళ్తాను?"

రేవులో దిగాక మాత్రం పిల్ల కాలు ముందుకి పడలేదు. "నువ్వు చూసి రా తాతా. నాకు భయం," అంది.

రాజరత్నం దోనె ఎక్కాడు. సాయంత్రం ఐదవుతోంది. కాలవలో ఎవరూ లేరు. శుభ్రం చేసిన నీళ్ళ మీద దోనె చప్పుడు లేకుండా జారింది. శనివారం నాటిన కర్ర దూరం నుంచే కనపడింది. దాని వెనక ఆకుపచ్చగా డెక్క గోడలా నిలబడి ఉండాలి. నిలబడి లేదు. కర్ర దాటాక కూడా నీళ్ళే ఉన్నాయి. నల్లగా, తీసినట్టు, రెండు పక్కలా అంచు తిన్నగా.

గాలికి కదిలిందిలే అనుకున్నాడు. పొద్దుట్నుంచి గాలి లేదు. అంచు దగ్గరికెళ్ళి ఒక మొక్క పట్టుకుని పైకి లాగాడు. వేళ్ళు కొడవలితో కోసి ఉన్నాయి. కోత పచ్చిగా ఉంది. ఒడ్డున చూస్తే, ఎత్తి పోసిన డెక్కలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

టేపు కొస కర్రకి కట్టాడు. పరుచుకుంటూ వెళ్ళాడు. వంద అడుగులూ అయిపోయాయి. అంచు రాలేదు. టేపు తిరిగి కట్టి మళ్ళీ పరిచాడు. ఐదు, పది, ఇరవై. పాతిక దగ్గర అంచు వచ్చింది.

నూట పాతిక. ఒక మనిషి ఒక రోజు పని. అంగుళం ఎక్కువ లేదు, అంగుళం తక్కువ లేదు.

డెబ్భై రెండేళ్ళూ నోటికొచ్చినట్టు చెప్పుకొచ్చిన మనిషికి నిజంగా చెప్పుకోదగ్గ సంగతి అప్పుడు దొరికింది. దోనెలో ఎదురుగా ఎవరో కూర్చున్నంత బరువుగా ఉంది గాలి. రాజరత్నం పైపంచె తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అల్లుడుగారూ," అన్నాడు మెల్లిగా. "ఆదివారం కూడానా అండీ?"

కొంచెం దూరంలో డెక్క పూలు ఒకసారి ఊగి ఆగాయి.

"పిల్ల చదువుకుంటుందండీ. లెక్కలు బాగా వస్తాయి. మీరు ఇలా చేస్తే వెళ్ళదు. వెళ్ళనివ్వండి."

పైపంచె భుజాన వేసుకున్నాడు. తరవాత శనివారం కర్ర పీకి, నూట పాతిక అడుగులు ముందుకెళ్ళి, డెక్క అంచున కొత్తగా నాటాడు. సోమవారం యోబు వచ్చి చూస్తే శనివారం అంతదాకా తీశామనే అనుకుంటాడు. ఒడ్డున తడి గుట్ట మీద ఎండు డెక్క ఈడ్చి కప్పాడు. టేపు చుట్టి, తుడిచి, రేవుకి తిరిగొచ్చాడు.

జాయ్సీ పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది.

"ఎంత తాతా?"

"సున్నా," అన్నాడు రాజరత్నం.

"సరిగ్గా చూశావా? కర్ర దగ్గరే డెక్క ఉందా?"

"కర్రకి ఆనుకునే ఉందమ్మా."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఆయన కూడా ఆమె మొహంలోకే చూశాడు, రెప్ప వెయ్యకుండా. ఆ కాసేపూ కాలవకేసి తల తిప్పలేదు. జాయ్సీ వందల పేజీ కింద ఒక సున్నా చుట్టింది. మెల్లిగా, గుండ్రంగా, మొదలుకి చివర కలిసేదాకా.

"టేపు రేపు టీచర్‌గారికి ఇచ్చెయ్యనా?"

"పొద్దున్నే ఇచ్చెయ్యి. మనకింక దాంతో పని లేదు."